బడి ఎత్తేస్తారట

గోదావరి పాయ మధ్యలో ఉన్న మా గోరింటలంకలో తెలివి ఎవరింట్లో ఎక్కువో మీరెవర్నీ అడగక్కర్లేదు. నూకరాజు ఎదురుపడితే చాలు, అడక్కుండానే తనే చెబుతాడు. కొబ్బరి పీచు తాళ్ళు పేనుకుని బతికే ఇల్లు అది. నూకరాజు, వాళ్ళావిడ తాయారు, తల్లి బుల్లెమ్మ, పెళ్ళికాని తమ్ముడు అబ్బులు, అయిదో తరగతి చదివే కూతురు హాసిని. వీళ్ళలో బడి మొహం సరిగ్గా చూసింది హాసిని ఒక్కతే. అయితేనేం, తెలివి చదువుతో వచ్చేది కాదు, పుట్టుకతో వచ్చేది అంటుంది బుల్లెమ్మ. పుట్టుకతో వచ్చింది పురిట్లోనే అయిపోయిందని మాత్రం ఆవిడకెవరూ చెప్పలేదు. చెబుదామన్నా చెప్పేవాళ్ళకీ అంతంత మాత్రమే. మా లంక సంగతి మాకు తెలీదా ఏంటి.

బళ్ళో సువర్ణలత టీచరుగారు ఒక్కరే. అవతలి ఒడ్డు నుంచి రోజూ పడవలో వస్తారు. పిల్లల ఇళ్ళకి చెప్పాల్సిన సంగతులన్నీ ఫోనులో మాట్లాడి పంపిస్తారు, చదవడం రానివాళ్ళు కూడా వింటారని. రేపు సెలవనీ, ఎల్లుండి నులిపురుగుల మాత్రలు వేస్తారనీ, ఫలానావాళ్ళ బుడ్డోడు చెప్పులు మర్చిపోయాడనీ, అన్నీ అందులోనే. ఆ కబురు రాగానే ఊళ్ళో కొందరు వింటారు, కొందరు విన్నామనుకుంటారు. నూకరాజు ఇంట్లో మాత్రం పేనుతున్న తాడు పక్కన పడేసి అందరూ ఫోను చుట్టూ చేరతారు. టీచరుగారి మాట పొల్లుపోకుండా చేసే ఇల్లు ఊరు మొత్తమ్మీద మాదొక్కటే అని నూకరాజు గొప్ప. పాపం, అది నిజం కూడాను.

పిల్లల చదువు మీద ఓ కన్నేసి ఉంచమన్నారు ఒకసారి. అంతే, హాసిని పుస్తకం తీసినప్పుడల్లా అబ్బులు ఎదురుగా చతికిలబడి, ఒక కన్ను మూసుకుని రెండో కంటితో దాన్నే చూసేవాడు. రెండు కళ్ళూ వేస్తే తప్పు, ఆవిడ ఓ కన్నే అన్నారు గదా. ఇంకోసారి, హాసినికి ఇంగ్లీషు మాటలకి నోరు తిరగడం లేదు, ఇంటి దగ్గర కాస్త చూడండి అన్నారు. ఇంకేముంది, బుల్లెమ్మ చేతికి ఆముదం రాసుకుని, మనవరాలి గడ్డం పట్టుకుని, కుడికోసారీ ఎడమకోసారీ తిప్పింది. మరోసారి, రేపు సెలవు, పిల్లల్ని బడికి పంపకండి అన్నారు. నూకరాజు పంపలేదు. దగ్గరుండి తనే తీసుకెళ్ళాడు. పంపొద్దన్నారు గానీ తీసుకురావద్దన్నారా అని, తాళం వేసిన తలుపు ముందు మధ్యాహ్నం దాకా తండ్రీకూతుళ్ళు కూర్చుని వచ్చారు.

ఇలా అంతా సవ్యంగా సాగిపోతుండగా ఒక సాయంత్రం ఫోనులో టీచరుగారి గొంతు ఎప్పట్లా లేదు, బొంగురుపోయింది.

"తల్లిదండ్రులకి నమస్కారం. మన బళ్ళో పిల్లలు ఏటికేడాది తగ్గిపోతున్నారు. ఇలాగే తగ్గిపోతే బడి ఎత్తేస్తారు. అప్పుడు మన పిల్లలు పాయ దాటి అవతలి బడికి వెళ్ళాల్సొస్తుంది. వచ్చే గురువారం పైనుంచి ఆఫీసరుగారు చూడ్డానికి వస్తున్నారు. దయచేసి అందరూ తలో చెయ్యీ వేసి మన బడిని నిలబెట్టండి."

ఆ కబుర్ని మళ్ళీ మళ్ళీ వేసుకుని విన్నారు. ముందుగా తేరుకున్నది తాయారు. పడవంటే ఆవిడకి చచ్చేంత భయం. వానాకాలం పాయ పొంగితే ఎదురుగా ఉన్న ఒడ్డే కనపడదు, అందులో కూతుర్ని పంపించి సాయంత్రం దాకా ఊపిరి బిగబట్టుకు కూర్చోవడం తన వల్ల కాదంది. బడి ఇక్కడుంటే పిల్ల చదువుకుంటుంది, లేకపోతే నా పక్కన కూర్చుని తాడు పేనుకుంటుంది అని తేల్చేసింది. ఆ మాట తాయారు కోపంగా అనలేదు. అందుకే నూకరాజుకి ఇంకా భయమేసింది.

ఆ పీచు పని ఏంటో అతనికి తెలుసు. అరచేతులు కొబ్బరి డొక్కల్లా బిరుసెక్కిపోయాయి. చిన్నప్పుడు తనకీ ఒక పలక ఉండేది, ఏదో వరద వచ్చిన ఏడు మానేశాడు, మళ్ళీ ఎవరూ వెళ్ళమనలేదు. ఇప్పుడు రేవులో నిలబడి పడవ మీద రాసిన పేరు హాసిని చేత చదివించుకుంటాడు. రోజూ అదే పడవ, అదే పేరు. అయినా కొత్తగా విన్నట్టు వింటాడు. ఆ పిల్ల చేతికి పీచు అంటకూడదని అతనికి ఒకటే కోరిక. దానికోసం ఏం చెయ్యమన్నా చేస్తాడు, తెలిసిన పనైనా సరే, తెలియని పనైనా సరే.

కానీ పిల్లలు తగ్గిపోవడానికీ బడి ఎత్తెయ్యడానికీ సంబంధం ఏంటో ఎవరికీ అంతుపట్టలేదు. అబ్బులు కాసేపు నెత్తి గోక్కుని విప్పిచెప్పాడు. పిల్లలు చిక్కిపోతే బడి తేలికవుతుంది. తేలికైతే ఎత్తుకుపోవడం సులువు. బరువుగా ఉన్నదాన్ని ఎవడు ఎత్తుతాడు, నడుం విరగ్గొట్టుకోడానికి కాకపోతే? ఆ మాటకి ఇల్లంతా నోరెళ్ళబెట్టింది. ఇంత తెలివి మనింట్లో ఉండిపోతోందే, దేశానికి పనికిరాకుండా అని బుల్లెమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. హాసిని మాత్రం, ఎత్తేసి ఎక్కడ పెడతారు బాబాయ్ అని అడిగింది. బడి లేని ఊళ్ళో పెడతారన్నాడు అబ్బులు. తన బల్ల కూడా పోతుందా అని అడిగింది ఆ పిల్ల. బల్ల లోపలే ఉంది గదమ్మా, అదీ పోతుంది అన్నాడు. హాసిని ఏడుపు మొదలెట్టింది. అంతే, నూకరాజు లేచి నడుం బిగించాడు.

మర్నాడు హాసినిని కురిడీ కొబ్బరి కొట్టుకి తీసుకెళ్ళి కాటా మీద నిలబెట్టారు. పోయిన దసరాకన్నా పెరిగిందయ్యా పిల్ల అన్నాడు కొట్టాయన. కాటా తప్పని బుల్లెమ్మ అక్కడే తేల్చేసింది, టీచరుగారు అబద్ధం చెప్పరు గదా. ఇంటికొచ్చి మూల ఉన్న మినుములన్నీ వేయించి, విసిరి, బెల్లం కొట్టి, నెయ్యి పోసి సున్నుండలు చుట్టింది. నూకరాజు ఆ డబ్బా నెత్తిన పెట్టుకుని బడికి మోసుకెళ్ళి, కనిపించిన ప్రతి పిల్లవాడి నోట్లోనూ ఒకటి కుక్కాడు. టీచరుగారు అది చూసి మురిసిపోయి, మీ ఇల్లు చల్లగా ఉండ అని దీవించారు. ఇంకేముంది, ఆ సాయంత్రం ఇంటి కప్పు మీద బిందెలతో నీళ్ళు కుమ్మరించారు. పేనిన తాళ్ళన్నీ నానిపోయాయి. ఇల్లు మాత్రం చల్లగానే ఉంది.

ఇక్కడో సంగతుంది. అవతలి ఒడ్డున కాన్వెంటుకి పోయే పిల్లలు కొందరున్నారు మా ఊళ్ళో. మెడకి టైలు కట్టుకుని, పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ బడి ముందునుంచే రేవుకి పోతారు. వాళ్ళ ముక్కుకి సున్నుండల వాసన తగిలింది. ఒకడు లోపలికొచ్చి ఒకటి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. పడవ వెళ్ళిపోయింది. మర్నాడు వాడి వెనకాల ఇంకో నలుగురు. ఇళ్ళల్లో ముందు తిట్టారు, తర్వాత గొణిగారు, ఆ తర్వాత ఊరుకున్నారు. నిజం చెప్పాలంటే పాయ పొంగిన రోజుల్లో పడవ అవతలికి చేరేదాకా రేవులో గుండెలు అరచేతిలో పెట్టుకుని నిలబడే తల్లులే వాళ్ళంతా. టీచరుగారు నోరు మెదపకుండా ఆ పిల్లల పేర్లు హాజరులో ఎక్కించుకున్నారు. నూకరాజు మాత్రం తలలు లెక్కపెట్టలేదు, బుగ్గలే చూస్తున్నాడు. బుగ్గలు ఇంకా చాల్లేదని అతని బెంగ.

గురువారం రానే వచ్చింది. బరువొక్కటే నమ్ముకుంటే లాభం లేదని, పొద్దున్నే ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ మోసుకుని నలుగురూ బడికి వెళ్ళారు. వరండా స్తంభాలకి ఒక కొసా, చుట్టూ ఉన్న కొబ్బరి చెట్లకి ఇంకో కొసా వేసి బిగించడం మొదలెట్టారు. దారిన పోతున్నవాళ్ళు ఏంటయ్యా ఇది అని అడిగారు. నూకరాజు నోట్లో తాడు కొస ఉంది. పళ్ళ సందునుంచి "ఎత్తేస్త..." అన్నాడు. తర్వాతది తాడులో కలిసిపోయింది. మా లంకలో ఏదైనా ఎత్తేసేది గాలివానే. అంతే, తుఫానట, నూకరాజు బడిని కూడా కట్టేస్తున్నాడట అని ఊరంతా పాకిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ మాడ్చేస్తోంది. అయినా ఒక్కరికీ అనుమానం రాలేదు, మేం మాత్రం ఏం తక్కువ తిన్నాం? కోళ్ళని గంపల కింద కమ్మేశాం, ఎండేసిన వడియాలు లోపల పెట్టేశాం, రేవులో ఉన్న పడవలన్నీ ఒడ్డు మీదకి లాగేశాం.

పడవలన్నీ ఒడ్డెక్కేసరికి టీచరుగారు అవతలి రేవులో చిక్కుపడిపోయారు. ఆవిడ చెయ్యి ఊపుతుంటే, ఇవతల మేం కూడా మర్యాదగా చేతులు ఊపాం.

ఇటు బడి దగ్గర ఇంకో చిక్కొచ్చింది. ఆఫీసరుగారు పైనుంచి వస్తున్నారు. అంత పైనుంచి వస్తే కాళ్ళు నిలుస్తాయా? అబ్బులు పరుగున వెళ్ళి మెత్తటి పీచు బండెడు తెచ్చి వాకిట్లో కుప్ప పోశాడు. ఆ తర్వాత పిల్లలందర్నీ బరువుకి లోపల కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదీ తలో చెయ్యీ గోడకి ఆనించి, తలలు పైకెత్తి నిలబడ్డారు. వాళ్ళు పైకి చూస్తున్నారని వచ్చినవాళ్ళంతా పైకే చూశారు.

అప్పుడొచ్చాడు ఒక బక్కపల్చటి పెద్దమనిషి. ఎగువ రేవులో బళ్ళు దాటించే పంటు దిగి మోటారుసైకిల్ మీద వచ్చాడు, భుజాన సంచీ ఉంది. ఇదేనా బడి అని అడిగాడు. నూకరాజు తల దించకుండానే, ఇదేనండి, ఇంకా ఎత్తలేదు అన్నాడు. కాస్త పక్కకి జరగండి బాబూ, ఆఫీసరుగారు మీ నెత్తిన పడగలరు అని కూడా అన్నాడు. ఆ పెద్దమనిషి జరిగాడు. ఊరికే నిలబడకపోతే మీరూ ఒక చెయ్యి వెయ్యరాదా అంది బుల్లెమ్మ. అందరూ గోడ పట్టుకునుంటే తనొక్కడూ పట్టుకోకపోవడం ఏం బావుంటుందని ఆయనా ఒక చెయ్యి వేశాడు. చాలాసేపు అలాగే నిలబడ్డారు అందరూ. చివరికి ఆయన మొహమాటపడుతూనే, ఇలా ఎందుకు పట్టుకున్నాం అని అడిగాడు.

నిలబెట్టడానికండి, లేకపోతే బడి ఉండదంట అన్నాడు నూకరాజు.

ఇంకేముంది, గోడ కూలిపోతోందనుకున్నాడాయన. లోపల పిల్లలున్నారే అని గావుకేక పెట్టి తలుపు వైపు పరిగెత్తాడు. కాలు తాడుకి తట్టుకుంది. గాల్లోకి లేచి, ఒక పల్టీ కొట్టి, సరిగ్గా వెళ్ళి పీచు కుప్పలో దిగబడ్డాడు.

"పడ్డారు, ఆఫీసరుగారు పడ్డారు" అన్నాడు అబ్బులు సంబరంగా. మిగతావాళ్ళందరికీ అప్పుడే తెలిసింది ఆయన ఆఫీసరని. పైనుంచి పడ్డాక ఇంకా అనుమానమేముంది?

ఎవర్నో బతిమాలి పడవ దాటి, టీచరుగారు ఆయాసపడుతూ వచ్చేసరికి ఇదీ వరస. బడి నిండా తాళ్ళు. గోడ నిండా చేతులు. తలంతా పీచుతో కుప్పలోంచి లేస్తున్న ఆఫీసరుగారు. ఆయన పిచ్చికోపంతో ఎవడ్రా ఈ తాళ్ళు కట్టిందని అరుస్తుంటే, టీచరుగారు నూకరాజు చెవిలో, ఏం పనయ్యా ఇది, ఆయన మండిపోతున్నారు అన్నారు. ఆ ముక్క పక్కనున్న బుల్లెమ్మకీ వినపడింది. మనిషి మండిపోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? మంచినీళ్ళ కుండ ఎత్తి ఆయన నెత్తిన బోర్లించింది. ఒక కుండ చాలదేమోనని తాయారు ఇంకోటి తెచ్చింది.

టీచరుగారు నెత్తి కొట్టుకుని, అయిపోయింది, నా పరువు గంగలో కలిసిపోయింది అన్నారు. అంతే, అబ్బులు చొక్కా విప్పుకుంటూ పాయ వైపు పరుగు తీశాడు.

ఆఫీసరుగారి బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన జేబురుమాలు తీసి పిండుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఈసారి నెమ్మదిగానే అడిగారు తాళ్ళు ఎందుకు కట్టారని. నూకరాజు గోడ వదలకుండా ఉన్నచోటినుంచే చెప్పాడు.

"బడి ఎత్తేస్తారంట గదండి. మా అమ్మాయి ఇందులోనే చదువుకుంటుందండి. ఇది పోతే దానికి చదువు లేదండి, ఇదిగో ఇలాంటి చేతులొస్తాయండి. మీరు ఎత్తాలనుకుంటే ఎత్తండి, నేను మాత్రం గోడ వదలను. నన్ను కూడా కలిపి ఎత్తుకుపోండి."

అలా అని రెండో చెయ్యి చాచి చూపించాడు. ఆఫీసరుగారు ఆ చేతివైపు చాలాసేపు చూశారు. తర్వాత టీచరుగారి వైపు చూశారు. ఆవిడ పైటకొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలీలేదు. తలుపు సందులోంచి పిల్లలు తొంగిచూస్తున్నారు. ఆయన వాళ్ళని ఒక్కొక్కళ్ళనీ వేలు పెట్టి లెక్కపెట్టారు. సంచీలోంచి తడిసిన కాగితం తీసి చూసుకుని, మళ్ళీ లెక్కపెట్టారు. కాగితంలో ఉన్నవాళ్ళకన్నా ఎక్కువమంది ఉన్నారేంటమ్మా అని అడిగారు. కొత్తగా చేరారు సార్ అన్నారు టీచరుగారు. ఎందుకు చేరారో మాత్రం, సున్నుండలండి అని లోపల్నుంచి ఒక బుడ్డోడు చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు అబ్బులు, నీళ్ళోడుతూ, నెత్తిన చుట్టిన పరుపుతో. టీచరుగారి కాళ్ళ దగ్గర దాన్ని దబ్బున పడేసి, గంగంతా గాలించానండి, మీ పరుపు దొరకలేదు, పోనీలెండి, మా ఇంట్లోది తెచ్చాను, ఇది ఉంచుకోండి అన్నాడు.

ఆఫీసరుగారు ఇక ఆపుకోలేకపోయారు. పీచు కుప్పలోనే మళ్ళీ కూలబడి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. లేచి వెళ్ళేటప్పుడు నూకరాజు దగ్గరికొచ్చి, గోడ మీదున్న అతని చెయ్యి తనే తీసి కిందికి దించారు.

"ఎవరూ ఎత్తరయ్యా. పిల్లలు ఇలా వస్తుంటే బడిని ఇంకా పెంచుతాం. వచ్చే ఏటికి ఆరో తరగతి కూడా వస్తుంది. మీ అమ్మాయి ఇక్కడే చదువుకోవచ్చు."

నూకరాజు ఆయన కాళ్ళ మీద పడబోతే ఆయన గబగబా వెనక్కి తగ్గారు, మళ్ళీ ఎక్కడ తాడు తగులుతుందోనని. ఆ పూట ఊరంతా పండగే. తుఫాను కూడా తప్పిపోయిందని మేం విడిగా ఇంకో కొబ్బరికాయ కొట్టుకున్నాం.

మర్నాడు పొద్దున్న టీచరుగారు పడవ దిగి వచ్చి చూసేసరికి బడి చుట్టూ గుండ్రంగా పాదు తవ్వి ఉంది. తాయారు గంపతో గేదె పెంట తెచ్చి గోడల మొదట్లో పోస్తోంది, ఆరో తరగతి బలంగా రావాలి, బాగా వెయ్యండి అంటూ. నూకరాజు కావిడితో నీళ్ళు మోసి పాదులో పోస్తున్నాడు. అబ్బులు కప్పు మీదకెక్కి పెంకులు తీస్తున్నాడు, కొత్త తరగతి మొలిచేటప్పుడు తలకి తగలకుండా. టీచరుగారు పరుగున వెళ్ళి వాణ్ణి కాలు పట్టుకుని కిందికి లాగారు. పెంచుతామని ఆఫీసరుగారు మాట ఇచ్చారు గదండి, ఎరువూ నీళ్ళూ లేకుండా ఏది పెరుగుతుందండి అని నూకరాజు అమాయకంగా అడిగాడు. ఆవిడ ఏదో చెప్పబోయి, ఎక్కడ మొదలెట్టాలో తెలీక, లోపలికెళ్ళి పాఠం చెప్పుకున్నారు.

సాయంత్రం ఫోను మోగింది. అందరూ చుట్టూ చేరారు.

"తల్లిదండ్రులకి నమస్కారం. నూకరాజుగారూ, దయచేసి రేపట్నుంచి బడికి నీళ్ళు పొయ్యకండి."

ఊరందరూ వినే కబుర్లో పేరు పెట్టి పిలిచారని నూకరాజు ఛాతీ ఉబ్బిపోయింది. కానీ నీళ్ళెందుకు వద్దన్నారో బోధపడలేదు. నలుగురూ చాలాసేపు ఆలోచించారు. ఈసారి తెలిసింది బుల్లెమ్మకే. నీళ్ళలో ఏం బలముంటుందిరా, ఎదిగే ప్రాణానికి ఎవరైనా నీళ్ళు పడతారా, టీచరుగారు మొహమాటపడి అంతవరకే చెప్పారు, మిగతాది మనం అర్థం చేసుకోవద్దూ అంది.

అంతే, తెల్లారగానే గేదెని పితికి, చుక్క మిగల్చకుండా చెంబులన్నీ బడికి పట్టుకెళ్ళారు. ఇంట్లో నలుగురూ పాలు లేని టీ తాగి, దాన్ని కూడా గొప్పగానే తాగారు. హాసిని తన గ్లాసులోకి చూసుకుని, నాకు పాలేవి నాన్నా అని అడిగింది.

"నువ్వు తర్వాత తాగుదువు గానమ్మా. ముందు ఆరో తరగతిని తాగనీ" అన్నాడు నూకరాజు.

అదీ నిజమే అనిపించింది హాసినికి. చివరి చెంబు తండ్రి చేతిలోంచి తీసుకుని, ఒలికిపోకుండా రెండు చేతులతో పట్టుకుని, బడి గోడ మొదట్లో తనే పోసింది.